‘వస్తోందట’లోని ‘ట’ ఎక్కడ రాలిపోయింది?

‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని మన పెద్దలు ఏనాడో అన్నారు. ఈ మధ్య మన హాస్టల్లో రాత్రి స్టడీ అవర్స్ అయ్యాక జరుగుతున్న చర్చలు వింటుంటే ఆ సామెతే మాకు పదేపదే గుర్తుకొస్తోంది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఫలానా థీమ్ పార్కులో కొత్త రైడు వస్తోందట. విలన్ల కోటలోంచి దూసుకుపోయే రోలర్ కోస్టరట. కంపెనీ ఇంకా బయటపెట్టలేదట కానీ, లోపల పనిచేసే మనిషి ఒకరు వీడియోలు చేసే ఒకాయన చెవిలో వేశారట. ఫోన్ ఉన్న ఒక్కరి చుట్టూ పదిమంది చేరి, ఇంకా పునాది కూడా పడని ఆ రైడు ఎత్తెంత, వేగమెంత అని వాదించుకుంటున్నారు!

మనలో చాలామందికి థీమ్ పార్కు అంటే ఎక్స్‌కర్షన్‌లో ఒక్కసారి చూసిన హైదరాబాద్ వండర్‌లా, లేదంటే రామోజీ ఫిల్మ్ సిటీ. అవీ చూడని తమ్ముళ్లు ఎందరో ఉన్నారు. మరి ఏడు సముద్రాల అవతలి రైడు గురించి మన వార్షికోత్సవ సంచికలో ఇన్ని పేజీలు ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. దానికి కారణం ఉంది. ఆ రైడు వస్తే మనకు లాభం లేదు, రాకపోతే నష్టం లేదు. కాబట్టే పుకారు ఎలా పుడుతుందో, ఎలా బలుస్తుందో నిదానంగా కూర్చుని చూడటానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఇక్కడ నేర్చుకున్నది, రేపు మన బతుకుల్ని తాకే పుకారు వచ్చినప్పుడు తప్పకుండా పనికొస్తుంది.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. పుకార్లన్నీ అబద్ధాలని మేము అనడం లేదు. ‘లోపలివాళ్లు చెప్పారు’ అన్న మాట ఒక్కటే రుజువు కాదు అంటున్నాం. రుజువు చూపే భారం చెప్పినవాడిది. చూపేదాకా నమ్మకుండా ఆగే హక్కు విన్నవాడిది.

మన తెలుగులో ఒక గొప్ప సౌకర్యం ఉంది. కళ్లారా చూసిన దానికి ‘వస్తోంది’ అంటాం. ఎవరో చెప్పగా విన్న దానికి ‘వస్తోందట’ అంటాం. ఆ చివరి ‘ట’ ఎంత చిన్న అక్షరమో అంత నిజాయితీ గల అక్షరం. ‘ఇది నేను చూడలేదు సుమా’ అని అది మనకు చెబుతుంది. పుకారు ప్రయాణంలో మొట్టమొదట రాలిపోయేది ఆ ‘ట’యే! మొదటివాడు ‘వస్తోందట’ అంటాడు. రెండోవాడు ‘వస్తోందంటున్నారు’ అంటాడు. మూడోవాడికి చేరేసరికి ‘వస్తోంది’ అయి కూర్చుంటుంది. నాలుగోవాడు తేదీ కూడా చెబుతాడు. కొత్త సమాచారం ఒక్కటీ చేరలేదు. ఒక అక్షరం పోయిందంతే.

లోపలి మనిషికి తెలిసేదెంత?

ముందుగా ఈ ‘లోపలి మనిషి’ ఎవరో ఆలోచిద్దాం. డిస్నీ పార్కులకు రైడ్లు రూపొందించే విభాగం ఒకటుంది. 1952లో వాల్ట్ డిస్నీ స్థాపించిన సంస్థే ఇప్పుడు వాల్ట్ డిస్నీ ఇమాజినీరింగ్. యూనివర్సల్ పార్కులకూ యూనివర్సల్ క్రియేటివ్ అని అలాంటిదే ఉంది. అక్కడ చిత్రకారులు, ఇంజనీర్లు, రచయితలు కలిసి పని చేస్తారు. మొదటి దశలో ఖర్చు లెక్క లేకుండా, హద్దు లేకుండా ఊహించమంటారు. దాన్ని వాళ్లు ‘బ్లూ స్కై’ దశ అంటారు. ఆ దశలో పుట్టిన ఊహల్లో చాలా వాటికి నేల మీద కాలు మోపే యోగం ఉండదు. బడ్జెట్ దగ్గర కొన్ని ఆగుతాయి, స్థలం దగ్గర కొన్ని, సినిమా ఆడకపోవడం వల్ల కొన్ని, పై అధికారి మారడం వల్ల మరికొన్ని.

ఇప్పుడు ఆ గదిలో ఒక బొమ్మ చూసినవాడు బయటకొచ్చి ‘ఫలానా రైడు గీస్తున్నారు’ అన్నాడనుకోండి. అతను చెప్పింది నిజమే కావచ్చు. కానీ ‘గీస్తున్నారు’ వేరు, ‘కడుతున్నారు’ వేరు. మన మెస్‌లో వంటమనిషి ‘ఆదివారం బిర్యానీ చేద్దామా అనుకుంటున్నాం’ అంటే, ఆ మాట డార్మిటరీ చేరేలోపు ‘ఆదివారం బిర్యానీ’ అయిపోయినట్టే ఇదీ. వంటమనిషి అబద్ధం చెప్పలేదు. మధ్యలో మనమే ‘అనుకుంటున్నాం’ అన్న మాటను మింగేశాం.

దీనికి మంచి ఉదాహరణ ఫ్లోరిడాలోని డిస్నీ యానిమల్ కింగ్‌డమ్ పార్కులో జరిగింది. అక్కడ డైనోల్యాండ్ అనే భాగం ఉండేది. దాని స్థానంలో ‘జూటోపియా’, ‘మోవానా’ సినిమాల ఆధారంగా ఏదైనా కట్టాలని ఆలోచిస్తున్నట్టు 2022 సెప్టెంబరులో కంపెనీవాళ్లే వేదిక మీద చెప్పారు. ఇది బ్లూ స్కై ఊహ మాత్రమేనని కూడా చెప్పారు. 2024 ఆగస్టుకు వచ్చేసరికి ఖరారైనవి వేరు. ‘ఎన్‌కాంటో’ రైడు, ఇండియానా జోన్స్ రైడు! 2022లో ఒక లోపలి మనిషి ‘జూటోపియా వస్తోంది’ అని ఉంటే, అతను మోసగాడేం కాదు. అయినా అతని మాట నమ్మి కూర్చున్నవాడు మాత్రం మోసపోయేవాడే. చెప్పేవాడు నిజాయితీపరుడైనంత మాత్రాన చెప్పిన విషయం నిజమైపోదన్నది ఇందులోని అసలు పాఠం.

యజమాని మాటకే దిక్కు లేనప్పుడు...

గుసగుసల సంగతి అటుంచుదాం. యజమాని మైకు పట్టుకుని చెప్పినవే ఎన్ని నిలిచాయో చూడండి.

1993 నవంబరులో డిస్నీ కంపెనీ వర్జీనియా రాష్ట్రంలోని హేమార్కెట్ దగ్గర ‘డిస్నీస్ అమెరికా’ అనే చరిత్ర పార్కు కడతామని ప్రకటించింది. దగ్గరలోనే అమెరికా అంతర్యుద్ధం నాటి మనసాస్ యుద్ధభూమి ఉంది. చరిత్రకారులు, స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. ఏడాది తిరక్కుండానే, 1994 సెప్టెంబరులో కంపెనీ ఆ ఆలోచన విరమించుకుంది. 2019 ఆగస్టులో ఎప్‌కాట్ పార్కులో మేరీ పాపిన్స్ పేరుతో ఒక ఆకర్షణ వస్తుందని అభిమానుల సభలో ప్రకటించారు. 2020లో కరోనా వచ్చింది, అది అటకెక్కింది.

వీటన్నిటికన్నా చిత్రమైన కథ ‘బీస్ట్‌లీ కింగ్‌డమ్’ది. యానిమల్ కింగ్‌డమ్ పార్కు 1998 ఏప్రిల్ 22న ప్రారంభమైంది. డ్రాగన్లు, యూనికార్న్‌ల వంటి పురాణ జంతువులకు అందులో ఒక భాగం ఉండాలన్నది మొదటి ప్రణాళిక. పార్కు చిహ్నంలో డ్రాగన్ బొమ్మ పెట్టారు. పార్కింగ్‌లో ఒక భాగానికి యూనికార్న్ పేరు కూడా పెట్టారు. కానీ ఆ భాగం కట్టనేలేదు! ‘వచ్చే ఏడాది మొదలవుతుందట’ అన్న గుసగుస మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. చివరికి ఆ స్థలంలో ‘అవతార్’ సినిమా ఆధారంగా పండోరా అనే లోకం కడతామని 2011లో ప్రకటించి, 2017 మే 27న తెరిచారు. చిహ్నంలో బొమ్మ ఉంది, పార్కింగ్‌లో పేరు ఉంది, అయినా రైడు లేదు. ఇంతకన్నా బలమైన ‘లోపలి ఆధారం’ ఏ పుకారుకు దొరుకుతుంది చెప్పండి?

అసలు వాల్ట్ డిస్నీ సంగతే చూడండి. ఫ్లోరిడాలో ఇరవై వేలమంది నివసించే భవిష్యత్ నగరం కట్టాలన్నది ఆయన కల. దానికి ఎప్‌కాట్ అని పేరు పెట్టి, 1966లో ఒక చిత్రం తీసి మరీ వివరించారు. అదే ఏడాది డిసెంబరులో ఆయన చనిపోయారు. 1982లో ఎప్‌కాట్ పేరుతో తెరుచుకున్నది నగరం కాదు, థీమ్ పార్కు. స్థాపకుడి మాటే ఇలా మారిందంటే, ఊరూ పేరూ చెప్పని లోపలి మనిషి మాటకు విలువెంత?

‘నిప్పు లేనిదే పొగ రాదు’ కదా!

ఇక్కడ కొందరు మిత్రులు ఈ సామెత అందుకుంటారు. వాళ్ల వాదనలో కొంత నిజముంది, దాచడం న్యాయం కాదు. కాలిఫోర్నియాలోని డిస్నీ పార్కులో ‘టవర్ ఆఫ్ టెర్రర్’ అనే పేరుపొందిన రైడును తీసేసి ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ రైడుగా మారుస్తారని 2016లో గుసగుసలు వచ్చాయి. చాలామంది నమ్మలేదు. అదే ఏడాది జులైలో కంపెనీ ప్రకటించింది, 2017 మేలో కొత్త రైడు తెరుచుకుంది. పుకారు నిజమైంది. అలాగే విలన్ల కోసమే ఒక పూర్తి పార్కు వస్తుందన్న మాట ఎన్నో ఏళ్లు తిరిగింది. 2024 ఆగస్టులో డిస్నీ ప్రకటించింది పార్కును కాదు, మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో విలన్లకు ఒక భాగాన్ని. పుకారు కొంత నిజమైంది, కొంత కాలేదు.

అయితే మేము అడిగేది లెక్క. నిజమైన పుకారును అందరూ గుర్తుంచుకుంటారు, చెప్పినవాడు పదేళ్లు దాన్ని చెప్పుకుని తిరుగుతాడు. నిజం కానివి ఎన్ని? వాటిని ఎవరూ రాసిపెట్టుకోరు. వంద రాళ్లు విసిరినవాడు ఒక కాయ రాలగానే గురి తనదే అంటే ఒప్పుకుందామా? మిగతా తొంభై తొమ్మిది రాళ్లు ఎక్కడ పడ్డాయో అడగవద్దా?

ఆ రాళ్ల సంగతి అడిగితే వచ్చే జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది. ‘నేను చెప్పినప్పుడు నిజమే, తర్వాత ప్లాన్లు మారాయి’ అంటారు. ఈ మాటలోని తెలివి గమనించండి. రైడు వస్తే అతను చెప్పింది నిజం. రాకపోతే ప్లాన్ మారింది, అప్పుడూ అతను చెప్పింది నిజమే! ఓడిపోయే అవకాశమే లేని పందెం అది. ఏం జరిగితే తన మాట తప్పు అవుతుందో చెప్పలేనివాడు మనకు సమాచారం ఇవ్వడం లేదు, కాలక్షేపం ఇస్తున్నాడు. కాలక్షేపం తప్పు కాదు. దాన్ని సమాచారం అనుకోవడమే తప్పు.

కాగితం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మరి నిజం తెలుసుకునే దారే లేదా? ఉంది. 1965లో ఫ్లోరిడాలో జరిగిన ఒక సంగతి ఈ విషయంలో మనందరం తెలుసుకోదగ్గది.

ఓర్లాండో పట్టణం దగ్గర ఎవరో రహస్యంగా భూములు కొంటున్నారు. వేల ఎకరాలు వేర్వేరు కంపెనీల పేర్ల మీద చేతులు మారుతున్నాయి. కొంటున్నది ఎవరు? ఫోర్డ్ కంపెనీ అన్నారు కొందరు. విమానాలు చేసే బోయింగ్ అన్నారు ఇంకొందరు. కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూస్ అన్నవాళ్లూ ఉన్నారు. తెలిసినవాళ్లు చెప్పారంటూ ప్రతి ఒక్కరూ ఒక పేరు చెప్పారు. ఆ సమయంలో ఓర్లాండో సెంటినెల్ పత్రిక విలేఖరి ఎమిలీ బేవార్, కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ పదేళ్ల వేడుకలకు వెళ్లిన పాత్రికేయుల్లో ఉన్నారు. ఆమె వాల్ట్ డిస్నీనే నేరుగా అడిగారు, ఆ భూములు కొంటున్నది మీరేనా అని. ఆయన ఔనని అనలేదు. ఓర్లాండో ఎందుకు అనుకూలం కాదో వివరించబోయారు. అక్కడి వానల గురించి, జనం రాకపోకల గురించి ఆయన చెప్పిన తీరు చూసి ఆమెకు అనుమానం బలపడింది. ఆసక్తి లేని ఊరి గురించి ఒక మనిషికి ఇంత వివరంగా ఎలా తెలుసు? 1965 అక్టోబరు 24న ఆ మర్మం డిస్నీయేనని ఆమె పత్రిక మొదటి పేజీలో రాసింది. నవంబరు 15న వాల్ట్ డిస్నీ స్వయంగా రాష్ట్ర గవర్నరు పక్కన కూర్చుని ఒప్పుకున్నారు. అప్పటికే దాదాపు 27 వేల ఎకరాలు, యాభై లక్షల డాలర్ల పైచిలుకు ఖర్చుతో వాళ్ల చేతిలో ఉన్నాయి.

గుసగుసలు వల్లించినవాళ్లకూ, ఎమిలీ బేవార్‌కూ తేడా ఏమిటి? ఆమె సంబంధించిన మనిషినే పేరుతో సహా అడిగారు. జవాబును తూచి చూశారు. తన పేరుతో, తేదీతో రాశారు. తప్పైతే తప్పని తేలేలా రాశారు. పుకారుకూ వార్తకూ మధ్య గీత సరిగ్గా అక్కడే ఉంది.

ఈ రోజుల్లో సామాన్యుడు చూడగలిగే కాగితాలూ చాలా ఉన్నాయి. ఫ్లోరిడాలో నిర్మాణం మొదలయ్యే ముందు పని మొదలుపెడుతున్నట్టు కౌంటీ కార్యాలయంలో నోటీసు నమోదు చేయాలి. అందులో స్థలం, కాంట్రాక్టరు పేరు ఉంటాయి. ఆ కాగితం చూస్తే ‘ఫలానా చోట పని జరగబోతోంది’ అని తెలుస్తుంది. అక్కడ వచ్చేది డ్రాగన్ రైడో, టాయిలెట్ల గదో దాన్ని బట్టి చెప్పలేం! పేటెంటు కూడా అంతే. పేటెంటు అంటే ఆలోచనను ఇతరులు వాడుకోకుండా వేసుకునే తాళం. తాళం వేసినవాడు ఇల్లు కడతాడని ఎక్కడా రాసి లేదు.

షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీలైతే పెద్ద ఖర్చుల గురించి మదుపరులకు చెప్పాలి. 2023 సెప్టెంబరులో డిస్నీ అలాగే ఒక మాట చెప్పింది. పదేళ్లలో పార్కులు, ఓడలు, ఇతర వినోదాల మీద సుమారు 6,000 కోట్ల డాలర్లు పెడతామని. అందులో రైడ్ల జాబితా లేదు. ఇక చూడండి, ఆ అంకె చుట్టూ ఎన్ని జాబితాలు పుట్టాయో! ఖాళీ గళ్లు ఉన్న ఫారం కనిపిస్తే నింపకుండా ఉండలేని చేతులు లోకంలో చాలా ఉన్నాయి.

కాగితం తర్వాత ఇటుక. ఇటుక పడ్డాక కూడా ఓపిక కావాలి. ఓర్లాండోలో ఎపిక్ యూనివర్స్ అనే పార్కును యూనివర్సల్ 2019 ఆగస్టు 1న ప్రకటించింది. 2020లో కరోనా వల్ల పని ఆపారు. 2021లో మళ్లీ మొదలుపెట్టారు. 2025 మే 22న తెరిచారు. నిన్‌టెండోతో కలిసి పార్కుల్లో ఆకర్షణలు కడతామని యూనివర్సల్ 2015లో చెబితే, మొదటిది జపాన్‌లోని ఒసాకాలో 2021 మార్చిలో తెరుచుకుంది. నిజమైన వాటికే ఆరేసి ఏళ్లు పట్టాయి. ‘వచ్చే వేసవికి ఖాయం’ అనే మాట వినగానే ఈ ఆరేళ్లు గుర్తు తెచ్చుకోవాలి.

మన దగ్గరికొస్తే

ఇదంతా అమెరికా ముచ్చటే అనుకుంటే పొరపాటు. మన దేశానికి డిస్నీల్యాండ్ వస్తోందన్న మాట మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఒకసారి ఒక ఊరి పేరు, ఇంకోసారి ఇంకో ఊరి పేరు. అమెరికా బయట డిస్నీ పార్కులు తెరుచుకున్నవి టోక్యోలో 1983లో, పారిస్‌లో 1992లో, హాంకాంగ్‌లో 2005లో, షాంఘైలో 2016లో. 2025 మేలో అబుదాబికి ప్రకటించారు. మన దేశంలో ఒక్కటీ కట్టలేదు.

కట్టే ఉద్దేశం నిజంగా ఉన్న కంపెనీకి కూడా దారి తిన్నగా ఉండదు. 2000లో కొచ్చిలో మొదలై, 2005లో బెంగళూరుకూ, 2016లో హైదరాబాద్‌కూ వచ్చిన వండర్‌లానే తీసుకుందాం. చెన్నైలో పార్కు కడతామని కంపెనీయే చెప్పింది, స్థలం కూడా చేతిలో ఉంది. అయినా స్థానిక వినోద పన్ను సమస్యతో ఏళ్ల తరబడి ఆగి, చివరికి 2025 డిసెంబరులో తెరుచుకుంది. నిజమైన కంపెనీ, నిజమైన స్థలం, నిజమైన ప్రకటన ఉన్నచోటే ఇంత ఆలస్యం!

ఈ పుకార్ల వల్ల బాగుపడేదెవరు? వీడియో పెట్టినవాడికి చూసినవాళ్ల సంఖ్య పెరుగుతుంది. ప్లాట్లు అమ్మేవాడికి బ్రోచర్‌లో ఒక బొమ్మ దొరుకుతుంది. ‘మన వెంచర్ పక్కనే థీమ్ పార్కు వస్తోంది, ఇప్పుడే కొంటే చవక, లోపలి సమాచారం’ అని ఊళ్లలో తిరిగేవాళ్లను మనలో చాలామంది చూశాం. మా మిత్రుల్లో ఒకరి మేనమామ అలాంటి మాట మీదే, పత్తి అమ్మిన డబ్బు తీసుకెళ్లి అడ్వాన్సు కట్టాడు. పార్కు రాలేదు. ఆ ప్లాటు హద్దురాళ్లు ఇప్పుడు తుమ్మచెట్ల మధ్య వెతుక్కోవాలి. ఫ్లోరిడా పుకారు నమ్మితే మనకు పోయేది ఒక రాత్రి నిద్ర. ఇంటి పక్క పుకారు నమ్మితే పోయేది ఒక ఏడాది పంట. రెండింటిలోనూ పుకారు నడక ఒక్కటే.

అంతకన్నా మనకు దగ్గరిది ఉద్యోగాల పుకారు. ఆంధ్రప్రదేశ్ డీఎస్సీ సంగతి చూద్దాం. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, ప్రభుత్వం మారాక రద్దయింది. 2024 జూన్‌లో కొత్త ముఖ్యమంత్రి 16,347 పోస్టుల ఫైలు మీద మొదటి సంతకం చేశారు. నోటిఫికేషన్ వచ్చింది 2025 ఏప్రిల్ 20న. సంతకానికీ నోటిఫికేషన్‌కూ మధ్య పది నెలలు. ఆ పది నెలల్లో ‘సోమవారం వస్తోందట’, ‘సెక్రటేరియట్‌లో తెలిసినవాళ్లు చెప్పారు’, ‘పోస్టులు తగ్గిస్తున్నారట’ అన్న మాటలు ఎన్ని విన్నామో లెక్కలేదు. వస్తోందంటే అప్పుచేసి కోచింగ్‌కు పరుగెత్తినవాళ్లు, రాదంటే పుస్తకం మూసి కూలికి పోయినవాళ్లు మన పూర్వ విద్యార్థుల్లోనే ఉన్నారు. రోజుకు ఇన్ని పేజీలని పెట్టుకుని, పుకారుతో పనిలేకుండా సిలబస్ చదువుకున్నవాళ్లూ ఉన్నారు. సోమవారం వచ్చినా, ఏప్రిల్‌లో వచ్చినా వాళ్లు సిద్ధంగానే ఉన్నారు.

మన ఇళ్లలో ఒక తప్పు నిర్ణయాన్ని సర్దుకునే స్తోమత లేదు. ఉన్నవాడు పుకారు నమ్మి నష్టపోతే ఇంకోసారి ప్రయత్నిస్తాడు. లేనివాడికి ఆ రెండో ప్రయత్నమే ఉండదు. అందుకే అనుమానించడం మనకు పొగరు కాదు, పొదుపు.

ఇకపై ఏం చేద్దాం?

కలలు కనొద్దని మేము చెప్పడం లేదు. ఫ్లోరిడాలో విలన్ల కోట ఎలా ఉంటుందో ఊహించుకోండి, బొమ్మ గీయండి, కథ రాయండి, వచ్చే ఏడాది సంచికకు ఇవ్వండి. మీలో ఒకరు ఇంజనీరై నిజంగానే ఒక రైడు రూపొందిస్తే మా అందరికీ గర్వకారణం. కానీ ఊహను ఊహ అనండి, వార్తను వార్త అనండి.

‘లోపలి మాట’ ఏదైనా చెవిన పడగానే ఈ ఐదు ప్రశ్నలు వేసుకోమని తమ్ముళ్లను కోరుతున్నాం.

చెప్పినవాడి పేరేమిటి? పేరు చెప్పడానికి భయపడితే, నమ్మడానికి మనమూ వెనకాడవచ్చు.

అతను చూసిందేమిటి? బొమ్మా, కాగితమా, పునాదా? లేక అతనూ విన్నాడా?

ఏ తేదీలోగా జరుగుతుందంటున్నాడు? తేదీ లేని మాటను పరీక్షించలేం.

ఇంతకుముందు అతను చెప్పినవి ఎన్ని నిజమయ్యాయి, ఎన్ని కాలేదు?

మనం దీన్ని నమ్మితే ఎవరికి లాభం?

ఇంకో చిన్న సూచన. మెస్‌లో బియ్యం, పప్పు లెక్కకు స్టాక్ రిజిస్టర్ ఉన్నట్టే, రీడింగ్ రూమ్‌లో ఒక పుకార్ల రిజిస్టర్ పెడదాం. ఎడమ పక్క తేదీ, చెప్పిన మాట, ఎవరి ద్వారా విన్నామన్నది. కుడి పక్క ఖాళీ. గడువు దాటాక నిజమైతే నిజమని, కాకపోతే కాదని రాద్దాం. రైడు పుకారైనా రాయొచ్చు, స్కాలర్‌షిప్ పుకారైనా రాయొచ్చు, కాస్మెటిక్ చార్జీలు పెరుగుతున్నాయన్న పుకారైనా రాయొచ్చు. వచ్చే వార్షికోత్సవానికి లెక్క తీసి ఇదే సంచికలో అచ్చు వేద్దాం. ‘లోపలి మాట’ విలువెంతో అంకెలే చెబుతాయి. ఒకవేళ ఎక్కువ నిజమయ్యాయని తేలితే, అదీ అలాగే అచ్చు వేద్దాం.

చివరగా, వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. అన్నలారా, మీలో చాలామంది ఇప్పుడు ఆఫీసుల్లో, కాలేజీల్లో, కంపెనీల్లో ఉన్నారు. మీరు చెప్పే మాటకు ఇక్కడ ఎంత విలువో మీకు తెలియనిది కాదు. మీరు ‘అనుకుంటున్నారు’ అంటే ఈ పిల్లలకు ‘అయిపోయింది’ అని వినిపిస్తుంది. కాబట్టి ఏదైనా కబురు తెస్తే జీవో నంబరుతో తీసుకురండి, నోటిఫికేషన్ తేదీతో తీసుకురండి. అది ఇంకా లేకపోతే ‘ఇది విన్న మాట మాత్రమే’ అని ఒక్క ముక్క కలిపి చెప్పండి. తమ్ముళ్లారా, మీరు కూడా ఆ మాటను ఇంకొకరికి చేరవేసేటప్పుడు చివరి ‘ట’ను జాగ్రత్తగా పట్టుకుని తీసుకెళ్లండి.